హైదరాబాదు భోజనశాలల కీర్తి

గడచిన మాసమున మా పాఠశాలలో మధ్యాహ్న విరామసమయమున నుపాధ్యాయులము కొందఱము కూర్చుండి యన్నపుడబ్బాలు విప్పుకొనుచుండగా నొక వివాదము పుట్టినది. గణితము బోధించు మిత్రుడు, హైదరాబాదునందలి భోజనశాలలకు సాటివచ్చునవి దేశమున మఱియెక్కడను లేవనియు, ఓరుగల్లు హనుమకొండలలో నున్నవి యా పేరునకే తగవనియు వాదించెను. సాంఘికశాస్త్రము బోధించు నామె, హైదరాబాదు కీర్తి యంతయు దీపములకును గోడలకును చెందినదే కాని యన్నమునకు చెందినది కాదని బదులు చెప్పెను. ఇంతలో గంట మ్రోగుటచేత వాదము తెగలేదు. ఇరువురును మమ్ము మధ్యవర్తిగా నుండుమనిరి. తిండిని గుఱించిన తగవు పత్రికలో చర్చింపదగినదా యని చదువరులు కొంద ఱడుగవచ్చును. ఒక సామాన్యకుటుంబము తన నెలజీతములో నెంతభాగమును నగరమున నొక్క ఆదివారపు భోజనమునకు వ్యయము చేయుచున్నదో, ఆ భోజనమును వండువారెవరో, దాని ముందు కూర్చుండగలవారెవరో విచారించిన పిదప నీ ప్రశ్న మాకు చిన్నదిగా తోచలేదు.

ముందుగా నీ కీర్తి యెక్కడనుండి వచ్చినదో చూడవలెను. 2019వ సంవత్సరమున యునెస్కో సంస్థ హైదరాబాదును పాకకళకు పేరొందిన సృజనాత్మకనగరములలో నొకటిగా గుర్తించినది. అంతకుముందే, 2010లో, హైదరాబాదు హలీమునకు భౌగోళికగుర్తింపు లభించినది. మన దేశమున మాంసముతో చేయు వంటకమునకు అట్టి గుర్తింపు వచ్చుట కదియే మొదలు. ఈ వార్తలు చదివినవారిలో ననేకులు, యునెస్కోవారు వచ్చి ప్రతి భోజనశాలయందును విస్తరివేసికొని కూర్చుండి యోగ్యతాపత్రము వ్రాసియిచ్చిరని తలచుచున్నట్లున్నారు. ఆ గుర్తింపు నగరముయొక్క వంట సంప్రదాయమునకును, దానిని నమ్ముకొని బ్రదుకు జనులకును సంబంధించినదే కాని, నిన్నమొన్న జూబిలీహిల్సులో తెఱచిన మేడమీది భోజనశాలకు సంబంధించినది కాదు. తాతగారి పాండిత్యమును చూపి మనుమడు సంభావన పుచ్చుకొనుట మనకు క్రొత్త గాదు గనుక దీనికి మేమాశ్చర్యపడలేదు.

తాతగారి పాండిత్యము మాత్రము నిజమైనదే. బిర్యానీనే తీసికొందము. (సంస్కృతము చదువుకొన్నవాడు దీని రుచి నెట్లెఱుంగునని కొందఱు మమ్మడుగుదురు. సంస్కృతము నే యింటివారైనను చదువవచ్చును. మా యింట మాంసము వండుదురు.) హైదరాబాదు పద్ధతిలో మాంసమును ముందుగా నుడికింపరు. పచ్చిమాంసమును పెరుగుతోడను, అల్లము వెల్లుల్లి ముద్దతోడను, పచ్చిబొప్పాయితోడను, మసాలాలతోడను నానబెట్టి, దానిపై సగముడికిన బియ్యమును పఱచి, మూతచుట్టును పిండి మెత్తి, యావిరి వెలికి పోకుండ మగ్గబెట్టుదురు. మాంసమునకు పట్టుకాలము వేఱు, బియ్యమునకు పట్టుకాలము వేఱు. ఆ రెండును ఒక్క పాత్రలో, మూత తీసి చూచుటకు వీలులేకుండ, ఒక్కమాఱే పదునునకు రావలెను. బియ్యము నెంతవఱకు ముందుగా నుడికింపవలెనో, ఎప్పుడు మంట తగ్గింపవలెనో యే గ్రంథమును చదివి నేర్చుకొనునది కాదు. దీనిని చక్కగా చేయువానిని మేము విద్వాంసుడనియే యందుము.

ఇట్టి వంట ఇరువదిమందికి చేసిన నొకరీతిగాను, దినమునకు వేలమందికి చేసిన మఱియొకరీతిగాను నుండుట సహజము. పెద్దహండాలో పైనున్న యన్నము తెల్లగాను రుచిలేకయు, అడుగుననున్నది నూనెతో తడిసియు నుండును. గరిటె నిలువుగా అడుగువఱకు దింపి తీయువాని చేతిలో నున్నది మన యదృష్టము. మధ్యాహ్నము పండ్రెండున్నరకు మూత విప్పిన పాత్రలోని యన్నమును, ఆ రాత్రి పదిగంటలకు వేడి చల్లాఱకుండ నునిచిన యన్నమును ఒక పేరుతోనే, ఒక వెలకే యమ్ముచున్నారు. 1953లో సికిందరాబాదునందొక సినిమాశాలయొద్ద చిన్న ఫలహారశాలగా మొదలైన పారడైజు నేడు పలునగరములలో శాఖలు కలిగియున్నది. వ్యాపారదృష్టితో నిది మెచ్చదగిన విషయమే. కాని బిర్యానీ కీర్తి పెరిగినకొలది బిర్యానీ పెరుగునని మాత్రము చెప్పజాలము. కీర్తికి శాఖలు తెఱవవచ్చును. చేతివాటమునకు తెఱచుట కష్టము.

హలీము విషయమున మాకీ శంక లేదు. గోధుమలు, పప్పులు, మాంసము, నేయి చేర్చి, గంటలకొలది యుడికించి, కొయ్యగుత్తులతో మనుష్యులు నిలువబడి మెదుపుదురు. ఏది గోధుమయో యేది మాంసమో తెలియనంతవఱకు మెదుపవలెను. ఇది రంజాను మాసమున సాయంకాలములందు వీధిలో, పాత్రయొద్దనే నిలువబడి తినవలసినది. పెద్దపాత్రలో నెక్కువకాలము నిలిచినకొలది బాగుపడు వంట గనుక నిది నగరమునకే తగియున్నది. ఇంటిలో నలుగురికి దీనిని చేయుట వ్యర్థశ్రమ. ఇట్టివానిలోనే నగరపు భోజనశాలయొక్క నిజమైన ప్రయోజనము కనబడుచున్నది. ఇంట సాధ్యముగానిది చేసి పెట్టుటయే దాని పని.

ఇక ఇరానీ హోటళ్లను గుఱించి వ్రాయునపుడు మేము న్యాయాధిపతి పీఠమునుండి దిగవలసియున్నది. మేము పుట్టిన గ్రామము ఓరుగల్లునకు దగ్గఱనే యున్నది. మా చిన్నతనమున నక్కడి చాయదుకాణమున గాజుగ్లాసులు లోపలనుండెడివి. దళితులకొఱకు వేఱుగ్లాసులు వెలుపల చూరునకు చెక్కియుండెడివి. త్రాగినవారే కడిగి మరల నక్కడ నుంచవలెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ అధికరణమున దుకాణములను, భోజనశాలలను పేరుపెట్టి చెప్పి, కులమునుబట్టి యెవరికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. 1955లో నంటరానితనమును శిక్షించు చట్టమును వచ్చినది. ఆ చూరునకు రెండింటి సంగతియు తెలియదు. మాతోకూడ పదవతరగతి చదివిన మిత్రుడొకడు ఆ గ్లాసుతో త్రాగినవాడు. కొన్నియేండ్లకు మేమిరువురమును చదువుకొఱకు హైదరాబాదు చేరినపుడు, రైలుదిగిన యుదయముననే సికిందరాబాదున నొక ఇరానీ హోటలులో చలువఱాతిబల్లముందు ఎదురెదురుగా కూర్చుంటిమి. సేవకుడు వచ్చి, మా కులము గాని గ్రామము గాని యడుగక, రెండు చాయలును ఉస్మానియా బిస్కట్లును బల్లపై పెట్టి పోయెను. మా మిత్రుడు త్రాగి, అలవాటుచొప్పున గిన్నెయు సాసరును పట్టుకొని లేచి, కడుగుటకు నీళ్లెక్కడ నున్నవో యని చుట్టును చూచెను. సేవకుడు నవ్వి వానిని చేతిలోనుండి తీసికొని పోయెను.

ఆనాటి చాయ రుచియైనదో కాదో మాకిప్పుడు నిశ్చయముగా తెలియదు. పాలు వేఱుగా చిక్కబడువఱకు కాచి, డికాక్షను వేఱుగా మగ్గించి, గిన్నెలో రెండును కలుపు నా పద్ధతివలన రుచి కలుగునని యందఱును చెప్పుదురు, అది సత్యమే. కాని హైదరాబాదు భోజనశాలల కీర్తి యతిశయోక్తి యని యెవరైనను మా యెదుట ననునపుడెల్ల, గిన్నెపట్టుకొని లేచిన యా మిత్రుడు మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. నగరపు హోటలు మన సంఘమునకు చేసిన యుపకారమును రుచినిబట్టి మాత్రమే లెక్కవేయరాదు. నేల వెల పెరుగుటచేత నట్టి మూలదుకాణములనేకములు మూతపడినవి. వానిస్థానమున నగలదుకాణములును సెల్‌ఫోను దుకాణములును వచ్చినవి. హైదరాబాదువారు బిర్యానీని గుఱించి చేయు గర్వములో పదవవంతు విచారమును వీనిని గుఱించి పడిన బాగుండును.

జూబిలీహిల్సు, గచ్చిబౌలి ప్రాంతములందు వెలసిన క్రొత్తభోజనశాలలవైపు చూచితిమేని మా సాంఘికశాస్త్రోపాధ్యాయిని పక్షమున తీర్పు చెప్పవలసివచ్చును. ఇచ్చట మొట్టమొదట వడ్డింపబడునది వెలుతురు. కొన్నిచోట్ల పొగలుచిమ్ము పాత్రలు వచ్చును, కొన్నిచోట్ల నూయలలు వ్రేలాడును, మఱికొన్నిచోట్ల కారాగృహమువలెనో రైలుపెట్టెవలెనో గదులను కట్టియుందురు. భోజనము వచ్చిన పిదప చేయి కడుగుటకు మాఱుగా ఫోనులెత్తుదురు. ఛాయాచిత్రములు ముగియునప్పటికి రొట్టె చల్లాఱును. రెస్టారెంటను మాట ఫ్రెంచిభాషలో మొదట, నీరసించినవారికి బలమునిచ్చు మాంసరసమునకు పేరట. పదునెనిమిదవ శతాబ్దమున పారిసునగరమున దానిని కాచి యమ్ము దుకాణములకా పేరు వచ్చినది. నేడు మన నగరమున దాని ముందు రెండుగంటలు వరుసలో నిలిచినవాడు నీరసించి లోపలికి పోవుచున్నాడు గనుక నర్థము పూర్తిగా తప్పలేదని చెప్పవచ్చును.

ఈ వరుసలు గతానుగతికన్యాయముచే నేర్పడుచున్నవని మా యభిప్రాయము. ఒకడు నిలిచెనని మఱియొకడు నిలుచును. భోజనవిమర్శ యను విద్య యిందుకు సాయపడుచున్నది. ఐరోపాలో పేరుపొందిన మిషలిను మార్గదర్శిని 1900వ సంవత్సరమున మోటారుచక్రముల రబ్బరుతొడుగులు చేయు వ్యాపారులు ప్రచురించినది. జనులు దూరప్రయాణములు చేసిన గాని తొడుగులరుగవు గదా! ఆ వ్యాపారులు తమ యుద్దేశమును దాచుకొనలేదు. నేడు ఫోనులో నిముసమైన నుండని దృశ్యములు తీసి, కన్నులు మూసికొని తల యూపి, నోట ముద్దయుండగానే యద్భుతమనువారు మాత్రము తమకు సొమ్మిచ్చిన దెవరో చెప్పుట యరుదు.

మా యోరుగల్లున నింతకంటె మంచి భోజనవిమర్శ ఆఱువందల యేండ్ల క్రిందటనే జరిగినది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము ననుసరించి రచింపబడి, వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమును చదువరులలో ననేకు లెఱుగుదురు. దానిని శ్రీనాథునిదే యను పండితులును కలరు. ఆ తగవు మనకిచట నక్కఱలేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిరువురు మిత్రులు కాకతీయుల నాటి యోరుగల్లు వీధులలో నొకదినమంతయు తిరుగుచు, ఒక పూటకూటియింటి సంగతి ముచ్చటింతురు. ఆ యింటివాని పేరు లక్ష్మణవజ్ఝల. అచ్చట పరిమళించు సన్నయన్నము, గోధుమపిండివంట, పిడికెడు చక్కెర, అప్పుడే కాచిన యావునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుడు పదార్థములు, గడ్డపెరుగు, ఇవియన్నియు నొక్క రూకకు పెట్టుదురట. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో నీ కావ్యమును చక్కగా వినియోగించుకొనిరి.

ఎవరియిల్లో, ఏమి పెట్టుదురో, నేయి యెప్పటిదో, వెల యెంతయో ఒక్క పద్యములో తెలిసిపోయినది. గోడలపై బొమ్మలున్నవో లేవో తెలియదు. విమర్శకు నింతకుమించి కావలసినదేమియు మాకు కనబడలేదు. అయితే ఆ కావ్యమున కేవల ప్రశంస చేయుటయు సరిగాదు. తిరిగినవారిలో నొకడు బ్రాహ్మణుడు, రెండవవాడు సెట్టి. ఓరుగంటికోటకు ఱాళ్లు మోసినవాడు రూక చేతబట్టుకొని వచ్చినచో లక్ష్మణవజ్ఝల విస్తరి వేసెడివాడా? కావ్యమున నా ప్రశ్న యడిగినవారు లేరు. ఇరానీవాని చలువఱాతిబల్లను మేమేల పొగడితిమో చదువరులిప్పుడు గ్రహింతురు.

రెండేండ్ల క్రిందట వేసవిసెలవులలో మేము సకుటుంబముగా హైదరాబాదునకు పోయి, మిక్కిలి పేరుపొందిన యొక భోజనశాలకు పోయితిమి. గంటన్నర వెలుపల నిలిచితిమి. లోపల నన్నము విఱిగియుండెను, మాంసము బిరుసుగానుండెను, లెక్కకాగితము చూచిన పిదప మంచినీళ్లును రుచింపలేదు. తిరుగుప్రయాణమున కాజీపేట చేరువఱకును మేము, మన యింటి పప్పన్నమునకిది యేమి సాటియని యుపన్యసించుచునే యుంటిమి. మా గృహిణి యంతయు విని, “ఇరువదియేండ్లలో ఒక ఆదివారము నేను కూర్చుండగా మఱియొకరు నాకు వడ్డించినారు. అన్నము విఱిగినదో లేదో నేను చూడలేదు. ఇంటివంట గొప్పదని మీరనుచున్నారు. దానికి పొయ్యి ముట్టించునది మీరు కాదు గదా!” అనినది. స్త్రీవిద్యను గుఱించి, స్త్రీస్వాతంత్ర్యమును గుఱించి మేమీ పత్రికలో నెన్నియో పర్యాయములు వ్రాసియున్నాము. ఆ రాత్రి రైలులో మాకొక్కవాక్యమును స్ఫురింపలేదు.

ఇంటిభోజనమును పొగడి హోటలును నిందించు వ్యాసములన్నియు, మావియు చేరి, ప్రాయికముగా పురుషులు వ్రాసినవే. ఇంటి వంటకు వెల లేదనుట సత్యము కాదు. వెల చెల్లించువారు వేఱుగానున్నారు. కావున నగరపు భోజనశాలలు యథార్థమున కంతగా తగినవి కావని మేమొప్పుకొన్నను, జనులు వానికి పోవుట మూర్ఖత్వమని మాత్రమనము. వంటయింటినుండి యొకపూట విడుదల కొనుక్కొనుచున్నారు. ఆ విడుదలను ఇంటిలోని మగవారు గరిటె పట్టుకొని యుచితముగనే యీయవచ్చును. (మేము మూడుమాసములనుండి ఆదివారములు వంట చేయుచున్నాము. పప్పు కుదిరినది. చారు ఇంకను కుదరలేదు.)

హైదరాబాదు కీర్తివలన మా పట్టణమునకు కలిగిన నష్టమొకటి చెప్పవలసియున్నది. హనుమకొండ చౌరస్తానుండి యేదిక్కునకు పోయినను హైదరాబాదీ దమ్ బిర్యానీ యను పలకలు కనబడును. నిజాము కాలమున సైన్యములో కొలువునకు హద్రమౌతు దేశమునుండి వచ్చిన యరబ్బుల వంశీయులు బార్కసు పేటలో నున్నారు. వారివలన మందీ యను నన్నము హైదరాబాదున ప్రచారమునకు వచ్చి, అచ్చటినుండి మాకును దిగుమతియైనది. యెమెను దేశపు టన్నము మా వీధిలో దొరకుచున్నది. సర్వపిండి దొరకుట కష్టము! బియ్యపుపిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కరివేపాకు, కారము కలిపి, సర్వ లోపలివైపున పలుచగా నొత్తి, వ్రేలితో చిల్లులు పొడిచి, నూనెచుక్కలు వేసి, సన్నమంటపై కాల్తురు. ఒకటి కాలినపిదప పాత్ర చల్లాఱిన గాని రెండవది యొత్తుటకు రాదు. హోటలువాడు దీనిని పెట్టకుండుటకు సిగ్గొక్కటే కారణము కాదు. తొందరపడని వంటకము లాభము తొందరగా తీసికొనిరాదు. పచ్చిపులుసున కా యడ్డంకియు లేదు. చింతపండు రసమున నుల్లిపాయలు, కారము, వేచిన నువ్వులపొడి కలిపిన చాలును, పొయ్యితో పనియే లేదు. అదియు విస్తరిలోనికి రాదు. అది పేదలయింటి పులుసని యజమానుని శంక.

ఇందు హైదరాబాదును మాత్రమే నిందింపరాదు. రాజధానిలోనే తెలంగాణపు వంటకములకు చిరకాలము బల్ల దొరకలేదు. 1956 తరువాత కోస్తా జిల్లాలవారి మెస్సులు నగరమున నెలకొన్నవి. వానిలో మంచివి పెక్కులున్నవి, వానిని మేము తప్పుపట్టము. 2014లో రాష్ట్రమేర్పడిన పిదప సకినాలు, గరిజెలు, మక్కగారెలు నమ్ము దుకాణములు పెరిగినవి. సాయంకాలము హైదరాబాదు కాలిబాటలపై స్త్రీలు కూర్చుండి జొన్నరొట్టెలు తట్టి కాల్చి యిచ్చుచున్నారు. మధుమేహభయమున ధనికులును కారులు దిగి వానిని కొనుచున్నారు. నగరమున నేటికిని రుచిలోను వెలలోను మోసము లేని భోజనము మాకు కనబడిన దా కాలిబాటమీదనే. ఏ యూయలయు లేదు. వాన వచ్చినచో గొడుగును లేదు.

శుభ్రతను గుఱించి యొకమాట. 2024లో ఆహారభద్రతాధికారులు హైదరాబాదున భోజనశాలలను వరుసగా తనిఖీచేసి, గడువు తీఱిన సరకులను, మురికి వంటయిండ్లను పత్రికలకెక్కించిరి. ఆ యేడు అక్టోబరున బంజారాహిల్సులో మోమోలు తిని పలువు రస్వస్థులై యొక స్త్రీ మరణించినది. ఆ మాసాంతమున ప్రభుత్వము పచ్చిగ్రుడ్లతో చేయు మేయోనైజును ఒక సంవత్సరముపాటు నిషేధించినది. పేరున్న చోట్లును తనిఖీలో తప్పించుకొనలేదు. వంటయింటి తలుపు భోజనశాలవైపు తెఱచియుండవలెనని చట్టము చేయుదురేని దీపములకు పెట్టు వ్యయములో సగము తగ్గి, పాత్రలు తోమువారికి జీతము పెరుగునని మాకాశ గలదు. ఫోనుద్వారా కోరినవారికి భోజనము మోసికొనిపోవు యువకులును అచ్చటనే, తలుపు వెలుపల, ఎండలో నిలిచియుందురు. వారికి కుర్చీ వేయు భోజనశాలను మేము చూచినది తక్కువ. చూరుక్రింది గ్లాసు పోయినదని సంతోషించు మాకు ఆ తలుపు కడ నడుగు తడబడినది.

మధ్యవర్తిగా మమ్ము తీర్పడిగినవారికి మేము చెప్పినదిది. హలీమునకును, ఇరానీ చాయకును, పగలు మూతవిప్పిన మంచి బిర్యానీకిని వచ్చిన కీర్తి తగినదే. మేడమీది భోజనశాలలకు వచ్చినది యెరవు సొమ్ము. కాలిబాటమీది జొన్నరొట్టెకు రావలసినదింకను రాలేదు. సాంఘికశాస్త్రోపాధ్యాయిని యిందుకొప్పుకొని, తరువాతి దినమున సర్వపిండి చేసి తెచ్చినది. చేసినది తాను కాదనియు తన భర్తయనియు చెప్పినది. అంచులు కొంచెము మాడినవి. గణితోపాధ్యాయుడు రెండుముక్కలు తిని, హలీము విషయమున మాతో నేకీభవించెను. బిర్యానీ విషయమున నేకీభవింపలేదు. రాత్రి పదిగంటలప్పుడు తిన్నదియు తనకెన్నడును చెడుగా తోచలేదనియు, వచ్చు రంజానునకు మమ్ముకూడ వెంటబెట్టుకొని పోయి చూపెదననియు ననుచున్నాడు. టిక్కెట్ల ఖర్చు మాత్రము చెరిసగము.